తేట నీళ్ళన్నీ మంచినీళ్ళు కావు

 

పోయిన వారం ఊరగాయ జాడీల గురించి చెప్పుకున్నాం. ఈ వారం ఆల్చిప్పల గురించి చెప్పుకుందాం. "ఇదేం విడ్డూరమమ్మా! సముద్రం ముఖం ఏడాదికొక్కసారైనా చూడని మదనపల్లె మనిషి ఆల్చిప్పల గురించి రాయడమేంది?" అని మీరు నవ్వుకుంటారని నాకు తెలుసు. మా ఇంటాయనా అదే అన్నారు. నిజమే, మాకు టమోటాలంటే తెలుసు, పట్టుమగ్గాలంటే తెలుసు, ఎండాకాలంలో ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టడం బాగా తెలుసు. ఆల్చిప్ప అంటే మామిడికాయ చెక్కు తీసే చిప్ప. గుల్ల అంటే మా అవ్వ వక్కాకు పెట్టెలో సున్నం. అంతకు మించి వాటితో మాకు పనిలేదు.

కానీ మా ఇంట్లో జరిగిన రెండు సంగతుల వల్ల ఈ ఆల్చిప్ప నాకు గురువైంది. మొదటిది కుప్పంలో, మా అక్క ఇంట్లో జరిగింది. రెండోది పుంగనూరులో ఉండే మా మరిదికి, వేలమైళ్ళ దూరంలో జరిగింది. రెండింటిలోనూ తప్పు ఒకటే. కంటికి శుభ్రంగా కనపడితే శుభ్రమే అనుకోవడం.

ముందు కుప్పం సంగతి చెబుతాను. అందులో తప్పు నాదే కాబట్టి దాచుకోను.

నాలుగేళ్ళ కిందట, మే నెలలో మా అక్క కూతురి సీమంతం. మర్నాడు దగ్గర చుట్టాలకు మాంసాహారం పెట్టాలన్నారు. మా బావ మద్రాసు నుంచి పొద్దున రైలుకు నాలుగు కిలోల రొయ్యలు తెచ్చారు. థర్మోకోల్ డబ్బాలో ఐసు వేయించి తెచ్చారు గానీ, కుప్పం స్టేషన్లో దిగేసరికి ఐసంతా నీళ్ళయిపోయింది. రొయ్యలు వాసనేమీ రావడంలేదు, నిగనిగలాడుతున్నాయి. పెద్ద బేసిన్లో వేసుకుని నేనే పొట్టు తీసి, నరం తీసి శుభ్రం చేశాను. సగం పులుసుకు, సగం వేపుడుకు.

వేపుడు బ్రహ్మాండంగా కుదిరింది. అంత వేపుడు పట్టే గిన్నె ఇంకొకటి దగ్గర్లో కనపడలేదు. ఇందాకటి బేసిన్లోనే ఒక చెంబు నీళ్ళు పోసి తొలిపేసి, అందులోకే వేపుడు తీశాను. పైన పళ్ళెం మూత పెట్టాను. అప్పటికి పదకొండు గంటలు. చుట్టాలు వచ్చి విస్తళ్ళ ముందు కూర్చునేసరికి రెండున్నర దాటింది.

అర్ధరాత్రి నుంచి మొదలయింది. ఒకరి తర్వాత ఒకరు కడుపునొప్పి, వాంతులు, నీళ్ళ విరేచనాలు. తెల్లారేసరికి తొమ్మిది మంది పడిపోయారు. మా అక్క అత్తగారికి డెబ్భై రెండేళ్ళు. ఆమె నాలుక పిడచకట్టుకుపోయి, కళ్ళు లోతుకు పోయి, పిలిస్తే పలకలేదు. ఏడోనెల కడుపుతో ఉన్న పిల్లకు రొయ్యల వాసన పడక ముద్ద కూడా ముట్టలేదు. అదొక్కటే దేవుడు మా మీద చూపిన దయ.

ఆస్పత్రిలో డాక్టరమ్మ సెలైన్ పెడుతూనే, ఎవరెవరు ఏమేం తిన్నారని వరసగా అడిగింది. అప్పుడు తేలింది ఒక విచిత్రం. పులుసు మాత్రమే తిన్నవాళ్ళకు ఏమీ కాలేదు. వేపుడు తిన్నవాళ్ళే పడ్డారు. రెండూ ఒకే డబ్బాలో వచ్చిన రొయ్యలే కదా? వేపుడు ఎందులో తీశారమ్మా అని అడిగింది. చెప్పాను. ఆమె తల ఊపి, "క్రిములు బాణలిలోనే చచ్చిపోయి ఉంటాయి. పచ్చివి కడిగిన బేసిన్లోంచి మీరే మళ్ళీ వాటిని పిలిచి, మూడు గంటలు కూర్చోబెట్టి, మర్యాద చేసి వడ్డించారు" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లో వినిపిస్తూనే ఉంటుంది. అవ్వ రెండు రోజులకు కోలుకుంది గానీ, నేను కోలుకోవడానికి చాలా రోజులు పట్టింది.

ఆ తర్వాత నాకు ఆ క్రిమి ఏదో తెలుసుకోవాలనిపించింది. ఇంటర్మీడియట్లో బైపీసీ చదివాను. అప్పుడు బాక్టీరియా పాఠం మార్కుల కోసం బట్టీ పట్టిందే. ఇప్పుడు ఇంటి కోసం చదివాను.

సముద్రపు నీళ్ళలో, ముఖ్యంగా ఏరు సముద్రంలో కలిసే ఉప్పనీటి చోట్ల, విబ్రియో అనే బాక్టీరియా కుటుంబం ఒకటి కాపురముంటుంది. మనకు బాగా తెలిసిన కలరా క్రిమి ఈ ఇంటి బిడ్డే. దాని చెల్లెలు విబ్రియో పారాహీమోలిటికస్. దీన్ని మొదట 1950లో జపాన్‌లోని ఒసాకాలో కనిపెట్టారు. అక్కడ ఉడికించి ఆరబెట్టిన చిన్నచేపలు తిని 272 మంది జబ్బుపడ్డారు, 20 మంది చనిపోయారు. దీనికి ఉప్పంటే ఇష్టం, వెచ్చదనమంటే మరీ ఇష్టం. అనుకూలంగా ఉంటే పది నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది. మీరే లెక్క వేయండి. గంటకు ఒకటి అరవైనాలుగు. మూడు గంటలకు ఒకటి రెండు లక్షల అరవై రెండు వేలు! మే నెల ఎండలో, మూతపెట్టిన బేసిన్లో, నేనిచ్చిన మూడు గంటల గడువు ఎంత గొప్పదో ఇప్పుడు అర్థమైందా?

ఇక ఆల్చిప్ప దగ్గరికి వద్దాం. రొయ్య కదులుతుంది, చేప ఈదుతుంది. ఆల్చిప్ప పాపం రాయికో, కర్రకో అతుక్కుని, ఉన్నచోటే ఉంటుంది. ఆహారం కోసం అది చేసే పని ఒక్కటే. నీళ్ళు లోపలికి పీల్చుకుని, అందులోని నలుసుల్ని వడగట్టి ఉంచుకుని, మిగతా నీళ్ళు బయటికి వదిలేయడం. అన్నీ అనుకూలిస్తే పెద్ద ఆల్చిప్ప ఒకటి రోజుకు 190 లీటర్ల దాకా నీళ్ళు ఇట్లా వడగట్టగలదట. పదిహేను లీటర్ల బిందె లెక్కన పన్నెండు బిందెలకు పైమాటే. మా వీధిలో ఒక ఇంటికి రోజుకు వచ్చే నీళ్ళు కూడా అన్ని ఉండవు!

మన వంటింట్లో టీ వడగట్టే జల్లెడను తలుచుకోండి. టీ తేటగా కిందికి పోతుంది, పిప్పంతా జల్లెడలో ఉంటుంది. ఆల్చిప్ప కూడా అంతే. నీళ్ళను శుభ్రం చేస్తుంది, మురికిని తన కడుపులో దాచుకుంటుంది. నీళ్ళలో కొద్దిగా ఉన్న క్రిములు ఆల్చిప్ప కడుపులో కుప్ప అవుతాయి. మనం జల్లెడలో పిప్పి తినం. కానీ ఆల్చిప్పను ఫ్రాన్సులోనూ, అమెరికాలోనూ చాలామంది ఉడికించకుండా, బతికుండగానే, నిమ్మకాయ పిండుకుని మింగుతారు. అందుకే ఆల్చిప్పలు పెంచేచోట నీళ్ళు ఎట్లా ఉన్నాయన్నది అక్కడి ప్రభుత్వాలకు ప్రాణంమీది సంగతి.

ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. 1924 చలికాలంలో అమెరికాలో షికాగో, న్యూయార్క్, వాషింగ్టన్ వంటి నగరాల్లో టైఫాయిడ్ ప్రబలింది. దాదాపు 1,500 మంది జబ్బుపడ్డారు. సుమారు 150 మంది పోయారు. ఆరా తీస్తే, మురుగు కలిసిన నీళ్ళలో ఉంచిన ఆల్చిప్పల వల్ల అని తేలింది. 1925లో అధికారులూ వ్యాపారులూ కూర్చుని ఒక కట్టుబాటు చేసుకున్నారు. దాని ప్రకారం ఆల్చిప్పలు తీసే నీళ్ళను క్రమం తప్పకుండా పరీక్ష చేయాలి. మనుషుల, పశువుల మలంలోంచి వచ్చే కోలిఫాం బాక్టీరియా, చిన్న టీగ్లాసుడు నీళ్ళలో, అంటే 100 మిల్లీలీటర్లలో, సగటున 14కు మించకూడదు. పెద్దవాన పడి ఊరి మురుగు కొట్టుకొచ్చిందంటే, నీళ్ళు మళ్ళీ బాగుపడేదాకా అక్కడ ఆల్చిప్ప తీయకూడదు. తీసినవాటికి ఏ రేవు నుంచి, ఏ రోజు వచ్చాయో చీటీ కట్టాలి. కొన్ని దేశాల్లో వాటిని శుభ్రమైన నీళ్ళ తొట్లలో ఒకటి రెండు రోజులు వదిలి, కడుపు కడుక్కోనిస్తారు కూడా.

ఇంత పకడ్బందీగా ఉంటే ఇక భయమేముంది అనుకున్నాను నేను. అది కూడా పొరపాటేనని రెండో సంగతి నేర్పింది.

పుంగనూరులో ఉండే మా మరిదికి చాలాకాలంగా షుగరుంది. దానికితోడు హెపటైటిస్ బి వచ్చి లివరు దెబ్బతింది. మందులతో నెట్టుకొస్తున్నాడు. ఆయన కొడుకు హ్యూస్టన్‌లో ఎమ్మెస్ పూర్తిచేసి ఉద్యోగంలో చేరాడు. పోయిన ఆగస్టులో తండ్రిని అక్కడికి పిలిపించుకున్నాడు. ఒకరోజు ఉదయం ఆరున్నరకు నేను కొళాయి దగ్గర బిందెలు నింపుతుంటే వీడియో కాల్ వచ్చింది. అక్కడ రాత్రి ఎనిమిది. హోటల్లో కూర్చున్నారు. ముందర పెద్ద పళ్ళెంలో ఐసు, ఐసు మీద డజను ఆల్చిప్పలు, చుట్టూ నిమ్మచెక్కలు.

"వదినా, ఇది చూడు! పచ్చివేనంట. నిమ్మకాయ పిండుకుని గుటుక్కున మింగేయడమే. ఒకటి తినేసినా. బాగానే ఉండాదిలే" అన్నాడు మా మరిది మురిసిపోతూ.

నా చేతిలో బిందె జారిపోయింది. "ఇంకొకటి ముట్టుకోవద్దు నాయనా! ఆ పళ్ళెం పక్కకు పెట్టు" అన్నాను.

కొడుకు అందుకున్నాడు. "పెద్దమ్మా, ఇది ఇండియా కాదు. ఇక్కడ ప్రతిదీ టెస్ట్ చేసి పంపిస్తారు. నీళ్ళు పాస్ అయితేనే ఆల్చిప్ప తీస్తారు" అన్నాడు. వాడు చెప్పింది అబద్ధం కాదు. కానీ సగమే నిజం.

నేను చదివిన సంగతి వాడికి చెప్పాను. మీకూ చెబుతాను, ఇదే ఈ వారం అసలు విషయం. నీళ్ళలో క్రిములు రెండు రకాలు. ఒకటి మనం కలిపినవి. టైఫాయిడ్, ఈకోలి, పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్ ఏ వైరస్ వంటివి. ఇవి మురుగుతో వస్తాయి. నీళ్ళకు మలపరీక్ష చేసేది వీటి కోసమే. రెండో రకం నీళ్ళలో సొంతంగా పుట్టి పెరిగేవి. అవే మన విబ్రియోలు. మురుగు ఒక్క చుక్క కలవని నీలాల సముద్రంలో కూడా, నీళ్ళు వెచ్చబడితే చాలు, అవి పెరుగుతాయి. కోలిఫాం పరీక్షకు అవి దొరకవు. మంచినీళ్ళ తొట్లో ఉంచి కడుపు కడిగినా పూర్తిగా పోవు.

ఇది గాలి మాట కాదు. ఆ హ్యూస్టన్ పక్కనే గాల్వెస్టన్ అఖాతం ఉంది. 1998లో మే ఆఖరు నుంచి జూలై మొదటివారాల మధ్య ఆ అఖాతంలో తీసిన ఆల్చిప్పలు తిని 13 రాష్ట్రాల్లో 416 మందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అధికారులు వెళ్ళి చూస్తే అక్కడి నీళ్ళన్నీ పరీక్షలో పాసయినవే! ఆ ఏడు నీళ్ళు మామూలుకంటే వెచ్చగా, ఉప్పగా ఉన్నాయి, అంతే. ఇంకో సంగతి వింటే మీరు ముక్కున వేలేసుకుంటారు. ఆ జబ్బు తెచ్చిన పారాహీమోలిటికస్ రకం, అంతకు రెండేళ్ళ ముందు, 1996లో మన కలకత్తాలో ఆస్పత్రి రోగుల్లో బయటపడిన రకమే. మనిషికి పాస్‌పోర్టు కావాలి గానీ క్రిమికి అక్కర్లేదు కదా!

అయితే మా మరిది విషయంలో నా గుండెలు అదిరింది ఈ పారాహీమోలిటికస్‌ను తలుచుకుని కాదు. దీనికి ఇంకొక తోబుట్టువుంది, విబ్రియో వల్నిఫికస్ అని. వెచ్చటి నెలల్లో ఆ తీరంలో ఇది ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను తరచూ కడుపునొప్పితో వదిలేస్తుంది. లివరు జబ్బు, షుగరు, క్యాన్సరు ఉన్నవాళ్ళను మాత్రం వదలదు. రక్తంలోకి ఎక్కి, జ్వరం, చలి, కాళ్ళమీద బొబ్బలు తెచ్చి, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీసేయగలదు. ఇది సోకిన ప్రతి ఐదుగురిలో ఒకరు చనిపోతారని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. అందుకే కాలిఫోర్నియా రాష్ట్రంలో 2003 నుంచి, ఆ మెక్సికో అఖాతం తీరపు పచ్చి ఆల్చిప్పలను, క్రిములు పోయేలా శుద్ధి చేస్తే తప్ప, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అమ్మనివ్వరు.

"మెనూ కార్డు కింద చిన్న అక్షరాల్లో ఏమైనా రాసుందేమో చదువు నాయనా" అన్నాను. వాడు చదివాడు. లివరు జబ్బున్నవాళ్ళు పచ్చి ఆల్చిప్ప తినకూడదనీ, బాగా ఉడికించినవే తినాలనీ అందులో ఉంది. వాడి ముఖంలో రంగు మారిపోయింది. తండ్రి లివరు సంగతి వాడికి తెలియదా? తెలుసు. కార్డు వాడి చేతిలో లేదా? ఉంది. కానీ పెద్ద హోటలు, మెరిసే పళ్ళెం, తెల్లటి ఐసు చూసి చిన్న అక్షరాలు చదవాలనిపించలేదు. పైన పటారం చూసి లోపలి సంగతి మరిచిపోవడం మనందరికీ అలవాటే. నేను కుప్పంలో చేసింది అదే కదా!

తిన్నది ఒక్కటే అయినా తిన్నట్టే. జ్వరం వచ్చినా, చలి పుట్టినా, కాలు ఎర్రబడినా క్షణం ఆగకుండా ఆస్పత్రికి తీసుకుపొమ్మనీ, పచ్చి ఆల్చిప్ప తిన్నాడనీ లివరు జబ్బు ఉందనీ ముందే డాక్టరుకు చెప్పమనీ అన్నాను. పుంగనూరులో మా తోడికోడలికి విషయం చెప్పాలా వద్దా అని మథనపడి, చివరకు చెప్పాను. ఆ రెండు రాత్రులూ మా రెండిళ్ళలో ఎవరమూ నిద్రపోలేదు. మూడోరోజు మా మరిది ఫోన్ చేసి, "ఏమీ కాలేదులే వదినా. రాగిసంగటి తిని పడుకోకుండా నాకెందుకు ఈ సోకులు" అని నవ్వాడు. నవ్వింది ఆయన, ఏడ్చింది మేము.

ఇదంతా విని, మనకు ఆల్చిప్పలతో పనేముంది అని మీరనవచ్చు. పని ఉంది. మన కాకినాడ అఖాతంలో గుల్లలు, చిప్పలు విస్తారంగా ఉన్నాయి. పులికాట్ సరస్సులో తినే ఆల్చిప్పల దిబ్బలున్నాయి. మన ఆంధ్రలో వాటిని తినేవాళ్ళు తక్కువే గానీ, కేరళలో ఆడవాళ్ళు సంఘాలు పెట్టుకుని బ్యాక్ వాటర్సులో వీటిని పెంచి సంపాదించుకుంటున్నారు. రేపు మన తీరంలోనూ పెంచవచ్చు. మన నీళ్ళు బాగుంటేనే వాళ్ళ బతుకు బాగుంటుంది.

"మన నీళ్ళు" అని ఎందుకన్నానంటే, మా మదనపల్లె మీదుగా పోయే బాహుదా ఏరు చెయ్యేరులో కలుస్తుంది, చెయ్యేరు పెన్నలో కలుస్తుంది, పెన్న నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. కుప్పం వైపు పారే పాలారు తమిళనాడు దాటుకుని బంగాళాఖాతానికే పోతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇవి ఇసుక ఏర్లే. వానొచ్చినప్పుడు మాత్రం, మనం కాలవల్లో పారబోసిందంతా మూటకట్టుకుని కిందికి దిగుతాయి. మేం సముద్రానికి దూరమే గానీ, మా మురుగుకు సముద్రం దూరం కాదు.

సముద్రం దాకా కూడా ఎందుకు? 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి మనుషులు పోయారు. మన దేశపు ప్రమాణాల ప్రకారం తాగే నీళ్ళలో, 100 మిల్లీలీటర్లకు ఈకోలి ఒక్కటి కూడా కనపడకూడదు. కంటికి తేటగా ఉన్నంతమాత్రాన ఆ లెక్క సరిపోయినట్టు కాదు. పల్లెల్లో నీళ్ళ పరీక్ష కోసం ఆడవాళ్ళకే శిక్షణ ఇస్తున్నారు. చిన్న సీసాలో నీళ్ళు పట్టి, ఒకటి రెండు రోజులు వెచ్చటిచోట ఉంచితే, మలం తాలూకు క్రిములు ఉన్న నీళ్ళు నల్లగా మారతాయి. మన శాస్త్రవేత్తలే 1982లో రూపొందించిన తేలికైన పద్ధతి అది. మీ పంచాయతీలో ఆ సీసాలు అడిగి తెచ్చుకోండి. మొహమాటపడకండి.

మన పాత చీర కూడా తక్కువది కాదు సుమా! బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో 65 పల్లెల్లో చేసిన పరిశోధన ఫలితం 2003లో వచ్చింది. పాత నూలు చీరను నాలుగు మడతలు పెట్టి, అంటే ఎనిమిది పొరలు చేసి, చెరువు నీళ్ళు వడగడితే కలరా దాదాపు సగానికి తగ్గిందట. కలరా క్రిమి నీళ్ళలోని సన్నటి పురుగుల్ని అంటిపెట్టుకుని ఉంటుంది, ఆ పురుగులు చీరలో చిక్కుకుంటాయి. కానీ సగం మాత్రమే తగ్గింది, అది మరిచిపోకండి. వడగట్టాక ఆ నీళ్ళను తెర్లకాచితేనే మిగతా సగం భయం పోతుంది. తెర్లడం మొదలయ్యాక ఒక్క నిమిషం చాలు.

ఇక మన వంటింట్లో పాటించాల్సినవి వరసగా చెబుతాను. కత్తిరించి అలమర తలుపుకు అంటించుకోండి.

1. రొయ్యలు, చేపలు, పీతలు, గుల్లలు ఏవైనా ఐసు కరగకుండా ఇంటికి చేరాలి. బజారు పని చివర్లో వాటిని కొనండి, ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి.

2. వాటిని కుళాయి కింద మంచినీళ్ళతో బాగా కడగండి. ఈ క్రిములకు ఉప్పునీళ్ళే సుఖం, మంచినీళ్ళు గిట్టవు. అయితే కడిగినంతమాత్రాన అన్నీ పోవు.

3. పచ్చివాటి బేసిన్, కత్తిపీట, పలక వేరు. వండినవాటి గిన్నె వేరు. ఒకటే వాడక తప్పదంటే సబ్బుతో తోమి, వేడినీళ్ళు పోసి, ఆరబెట్టాకే వాడండి. నాలాగా ఒక చెంబు నీళ్ళతో తొలిపి సరిపెట్టకండి.

4. గుల్లలు, ఆల్చిప్పలు వండేటప్పుడు నోరు తెరుచుకున్నాక ఇంకో మూడు నాలుగు నిమిషాలు ఉడకనివ్వండి. ఎంతకూ నోరు తెరవని చిప్పను బలవంతంగా తెరవకండి, పారేయండి. రొయ్య లోపలిదాకా తెల్లబడి గట్టిపడాలి.

5. నిమ్మకాయ పిండినా, కారం చల్లినా, మందు తాగుతూ తిన్నా క్రిమి చావదు. నిప్పు ఒక్కటే దానికి మందు.

6. వండినవి వేడివేడిగా వడ్డించండి. చుట్టాలు ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టి, మళ్ళీ పొగలు వచ్చేలా వేడిచేయండి. రెండు గంటలు దాటి బయట ఉన్నదాన్ని, ఎండాకాలంలో గంట దాటినదాన్ని నమ్మకండి.

7. చేతికి కోసుకుని ఉంటే పచ్చి రొయ్యలు, చేపలు ఒలవకండి. కాలికి పుండు ఉంటే సముద్రస్నానం మానుకోండి. ముఖ్యంగా షుగరు, లివరు జబ్బు ఉన్నవాళ్ళకు ఇది పెద్ద నియమం. ఆ క్రిమికి నోరే కాదు, గాయమూ వాకిలే.

విరేచనాలు పట్టుకుంటే ఏం చేయాలో కూడా చెప్పి ముగిస్తాను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి కాందిశీకుల శిబిరాల్లో కలరా చెలరేగింది. బన్‌గావ్‌లో సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ చక్కెర, ఉప్పు కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో పెట్టించి తాగించారు. అంతకుముందు నూటికి ముప్పై మంది పోతుంటే, ఆ నీళ్ళతో నలుగురి లోపుకు తగ్గింది. 2022లో ఆయన కన్నుమూశారు, 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు. ఆయన మనకిచ్చి పోయిన వరం ఇది. ఓఆర్ఎస్ పొట్లం దొరక్కపోతే, కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలపండి. గుక్క గుక్కగా తాగిస్తూ ఆస్పత్రికి బయలుదేరండి. పసిపిల్లలు, వృద్ధులు, గర్భిణులు అయితే అసలు ఆలస్యం చేయకండి.

మొన్న కుప్పం వెళ్ళినప్పుడు అక్క వాళ్ళ అత్తగారు నన్ను వంటింటి గడపలోనే ఆపి, "ఏమ్మే, బేసిన్ తోమినావా?" అని అడిగింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత లోపలికి పోయి, తోమిన బేసిన్నే ఇంకోసారి తోమాను.

మీ ఇళ్ళలో ఇట్లాంటి అనుభవాలుంటే దాచుకోకుండా రాయండి. ఒకరి తప్పు ఇంకొకరి ఇంటికి కాపలా అవుతుంది. వచ్చేవారం ఎండాకాలపు వడియాల కబుర్లతో కలుద్దాం. అందాకా నీళ్ళు కాచుకోండి, పిల్లల్ని కాచుకోండి.